నూనె వార్నిష్: కొయ్య సామాన్ల మీద వచ్చే లోపాలు, వాటి మరమ్మతు

ఆరే గుణమున్న నూనెను రెసిన్‌తో కలిపి కాచి, టర్పెంటైన్‌తో పలచన చేసి, త్వరగా గట్టిపడేందుకు కొద్దిపాటి లోహ లవణాలు చేర్చిన పారదర్శకమైన పూతను నూనె వార్నిష్ అంటారు. కుర్చీలు, బల్లలు, మంచాలు, తలుపుల మీద కొయ్య చారల అందం కనిపిస్తూనే నీటి నుంచి, మురికి నుంచి, గీతల నుంచి రక్షణ ఇవ్వడం దీని పని. జిగట వదలకపోవడం, ముడతలు, గుంటలు, తెల్లబారడం, పెచ్చులూడటం ఈ పూతలో తరచుగా కనిపించే లోపాలు. వీటిలో ఎక్కువ భాగానికి నింద బ్రష్షు పట్టిన చేతి మీదికి పోతుంది కానీ, అసలు కారణం చాలాసార్లు డబ్బా మూత తీయకముందే కొయ్యలోనో, గాలిలోనో, కిందనున్న పాత పొరలోనో ఉంటుంది. పైన ఇంకో పూత వేసి లోపాన్ని కప్పబోతే అది మరింత ముదురుతుంది.

ఆరేటప్పుడు జరిగేది

స్పిరిట్ పాలిష్‌లో స్పిరిట్ ఎగిరిపోతే లక్క మిగులుతుంది. అంతటితో ఆరడం అయిపోయినట్టే. నూనె వార్నిష్ దారి వేరు. మొదటి గంటల్లో టర్పెంటైన్ ఎగిరిపోయాక అసలు పని మొదలవుతుంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని, ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. అందుకే ఆరుతున్న అవిసె నూనెను తూకం వేస్తే బరువు తగ్గదు, పెరుగుతుంది. ఒకసారి అల్లుకున్న పొర మళ్ళీ టర్పెంటైన్‌లో కరగదు. గాలి తగలకపోయినా, ఈ చర్యకు అడ్డుపడే పదార్థం ఏదైనా కలిసినా, చలి పెరిగినా పొర గట్టిపడదు. లోపాల్లో సగానికి కారణం ఈ ఒక్క సంగతిలో దొరుకుతుంది.

అన్ని నూనెలూ ఇలా గట్టిపడవు. అవిసె నూనెలో సగానికి పైగా ఉండే లినోలెనిక్ ఆమ్లం, టంగ్ నూనెలో సుమారు 80 శాతం ఉండే ఎలియోస్టియరిక్ ఆమ్లం ఆక్సిజన్‌తో చురుగ్గా కలుస్తాయి. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె ఎన్నేళ్ళున్నా వార్నిష్ పొరలా గట్టిపడవు. ఆముదం కూడా అంతే. అయితే పరిశ్రమల్లో దాని అణువు నుంచి నీటిని తొలగించి ఆరే నూనెగా మారుస్తారు.

నూనెలో రెసిన్ కాచి పూయడం పాత విద్యే. 12వ శతాబ్దానికి చెందిన థియోఫిలస్ అనే యూరప్ సన్యాసి రాతల్లో అవిసె నూనె వార్నిష్ తయారీ ఉంది. పారిస్‌లోని సంగీత మ్యూజియంలో ఉన్న వయొలిన్ల తయారీదారు స్ట్రాడివారి చేసిన అయిదు వాయిద్యాలను పరీక్షించి 2009 చివర ప్రచురించిన ఫలితాల్లో, కింద ఆరే నూనె పొర, పైన నూనె, పైన్ జాతి రెసిన్ కలిసిన పొర ఉన్నట్టు తేలింది. ఆ వార్నిష్‌లో ఏదో దివ్య రహస్యముందన్న కథలకు ఇది పెద్దగా చోటివ్వలేదు. ఆఫ్రికా కోపల్, పైన్ రోజనం వంటి సహజ రెసిన్ల స్థానాన్ని తర్వాత కృత్రిమ రెసిన్లు తీసుకున్నాయి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ రసాయనవేత్త రాయ్ కీన్లే 1920లలో రూపొందించి పేరు పెట్టిన ఆల్కిడ్ వీటిలో ముఖ్యం. ఈనాటి డబ్బాల్లో ఎక్కువగా ఉండేది ఆల్కిడ్, లేదా యూరెథేన్ కలిపిన ఆల్కిడ్.

రెసిన్‌తో పోలిస్తే నూనె ఎక్కువైతే పొర సాగుతుంది, ఎండావానలకు తట్టుకుంటుంది, కానీ మెత్తగా ఉంటుంది. నూనె తక్కువైతే గట్టిగా, మెరుపుగా ఉంటుంది, రుద్ది నునుపు చేయడానికి లొంగుతుంది. ఆరుబయట మాత్రం త్వరగా పగుళ్ళు తేలుతుంది. బయటి తలుపుకు వేయాల్సిన వార్నిష్‌ను భోజనాల బల్లకు వేసి అది మెత్తగా ఉందని బాధపడటంలో అర్థం లేదు.

ఇక లోహ లవణాలు. కోబాల్ట్ పొర పైభాగాన్ని గట్టిపరుస్తుంది. జిర్కోనియం, కాల్షియం లోతున గట్టిపడటానికి తోడ్పడతాయి. ఒకప్పుడు లోపలి భాగం కోసం సీసం వాడేవారు. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమాలను భారత ప్రభుత్వం 2016లో ప్రకటించింది. అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందటి సామాన్ల పొరను పొడిగా గీకి ధూళి లేపడం మంచిది కాదు. తడిపి రుద్దడం, మాస్కు కట్టుకోవడం, పిల్లల్ని దూరంగా ఉంచడం అవసరం.

ముందు అది ఏ పూత?

పాత బల్ల మీదున్నది నూనె వార్నిష్షే అని నమ్మి మరమ్మతు మొదలుపెట్టకూడదు. తెలుగు నాట టేకు సామాన్ల మీద స్పిరిట్ పాలిష్, మెలమైన్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్, పీయూ (పాలీయూరెథేన్) అన్నీ కనిపిస్తాయి. అడుగు భాగంలో కనిపించని చోట దూదితో స్పిరిట్ అద్దితే మెత్తబడి జిగటయ్యేది లక్క. ఎన్‌సీ థిన్నర్‌తో కరిగేది లాకర్. గట్టిపడ్డ నూనె వార్నిష్ స్పిరిట్‌కు చలించదు. థిన్నర్ తగిలితే కరగకుండా ముడుచుకుని లేస్తుంది. రెండిటికీ చలించనిది మెలమైనో, గట్టిపడే ద్రవం విడిగా కలిపి వేసే రెండు డబ్బాల పీయూనో కావచ్చు. ఈ చివరిదానికీ, ఒకే డబ్బాలో వచ్చే నూనె ఆధారిత పాలీయూరెథేన్‌కూ పేరులో తప్ప ఆరే తీరులో పోలిక లేదు. మొదటిది గాలి కోసం చూడదు, రెండోది గాలి లేనిదే గట్టిపడదు. దుకాణంలో రెండిటినీ పీయూ అనే అడుగుతారు కాబట్టి ఒకదాని చిట్కా ఇంకోదానికి వాడి చెడగొట్టుకోవడం మామూలే. ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా వార్నిష్ కాదు, లేతు మీద తిరుగుతున్న కొయ్యకు రాపిడి వేడితో అంటించిన లక్క. దానికి ఈ వ్యాసంలోని మందులేవీ పనికిరావు.

జిగట వదలని పూత

వార్నిష్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఇదే మొదటిది. రెండు రోజులైనా వేలు పెడితే అంటుకుంటుంది, కాగితం పెడితే అచ్చు పడుతుంది. కారణాన్ని ఒక వరసలో వెతకాలి.

మొదట డబ్బానే అనుమానించాలి. ఏళ్ళ తరబడి నిలవున్న వార్నిష్‌లో లోహ లవణాల చురుకు తగ్గుతుంది. గాజు ముక్క మీద పలచగా పూసి పక్కన పెడితే సంగతి తేలిపోతుంది. గాజు మీద ఆరి కొయ్య మీద ఆరకపోతే తప్పు కొయ్యది. రెండిటి మీదా ఆరకపోతే తప్పు వార్నిష్‌ది, లేదా వాతావరణానిది. ఒక్క రాత్రిలో తేలిపోయే ఈ పరీక్ష చేయకుండానే చాలామంది కొత్త డబ్బా కొంటారు.

తర్వాత కొయ్య. రోజ్‌వుడ్ అని పిలిచే జిట్రేగిలో ఆక్సిజన్ చర్యను అడ్డుకునే క్వినోన్ జాతి పదార్థాలు సహజంగా ఉంటాయి. చెదపురుగుల నుంచి చెట్టును కాపాడే గుణమే వార్నిష్‌కు శత్రువవుతుంది. టేకులోని సారాలు కూడా కొంతవరకు ఇలాగే పనిచేస్తాయి. అందులోనూ కొత్తగా చిత్రిక పట్టిన చేవ భాగం. పూతకు కాస్త ముందు ఎన్‌సీ థిన్నర్‌తో గానీ, అసిటోన్‌తో గానీ కొయ్యను తుడిచి పైపై సారాన్ని తీసేస్తే తేడా కనిపిస్తుంది. ఇంకా నమ్మకమైన పద్ధతి మైనం తీసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి ముందుగా ఒక పలచని పూత వేయడం. లక్క తన పద్ధతిలో ఆరుతుంది కాబట్టి కొయ్యలోని సారాలు దాన్ని ఆపలేవు. పైన వేసే వార్నిష్‌కూ కొయ్యకూ మధ్య అడ్డుగోడలా నిలుస్తుంది. బజారులో దొరికే మామూలు చపడా లక్కలో మైనం ఉంటుంది. దాని మీద యూరెథేన్ వార్నిష్ పట్టు అంత బాగుండదు.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన కారణం ఇంకోటుంది. పండగలకు తలుపులూ పాత బీరువాలూ మెరవడానికి కొబ్బరి నూనెనో, కిరోసిన్ కలిపిన నూనెనో రుద్దే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆరని ఆ నూనె కొయ్య రంధ్రాల్లో ఉండిపోతుంది. పైన వేసిన వార్నిష్ దానితో కలిసి ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. ఇలాంటి కొయ్యను టర్పెంటైన్‌తో గుడ్డలు మారుస్తూ, గుడ్డకు నూనె అంటనంతవరకు తుడవాలి. ఉప్పు కాగితంతో రుద్దితే నూనె పోదు, ఇంకా లోపలికి దిగుతుంది.

వాతావరణం చివరిది, కానీ చిన్నది కాదు. చలికాలపు రాత్రులూ, కోస్తా జిల్లాల్లో ముసురు పట్టిన వారాలూ ఈ పనికి పనికిరావు. గాలి ఆడని గదిలో తలుపులన్నీ బిగించి వార్నిష్ వేసి, దుమ్ము పడలేదని సంతోషిస్తే ఆక్సిజన్ అందక పొర పచ్చిగా మిగులుతుంది.

పొర అప్పటికే జిగటగా ఉంటే ఏం చేయాలి? కారణం చలి, తేమ అయితే గాలి ఆడే వెచ్చని చోట వారం ఓపిక పట్టడమే మందు. అప్పటికీ గట్టిపడకపోతే టర్పెంటైన్‌తో, అవసరమైతే గీకుడు రేకుతో మొత్తం తీసేయాలి. జిగట పొర మీద మరో కోటింగ్ వేయమని, లేదా డ్రైయర్ కలిపిన పూత పైన పూయమని దుకాణాల్లో చెప్పే సలహా నమ్మదగినది కాదు. అడుగు మెత్తగా, పైన గట్టిగా ఉన్న పొర కొన్ని నెలల్లో మొసలి తోలులా పగులుతుంది.

నూనె, వార్నిష్, టర్పెంటైన్ కలిపి గుడ్డతో రుద్దే పూతల్లో ఇంకో చిక్కు వస్తుంది. టేకు, జిట్రేగి వంటి పెద్ద రంధ్రాల కొయ్యలో లోపలికి ఇంకిన నూనె కొన్ని గంటల తర్వాత చుక్కలు చుక్కలుగా పైకి ఉబికి, అక్కడే గట్టిపడి మెరిసే పొక్కులవుతుంది. పూసిన రోజు గంటకోసారి పొడి గుడ్డతో తుడవడం తప్ప దీనికి సులువైన దారి లేదు. పొక్కులు గట్టిపడ్డాక అయితే సన్నని స్టీల్ ఊలుతో రుద్దితీసి మళ్ళీ పూయాల్సిందే.

ముడతలు, కారికలు, బుడగలు, నలకలు

పూత మందంగా పడితే పైభాగం పాల మీద మీగడ కట్టినట్టు ముందే బిగుసుకుని, ఆక్సిజన్ తీసుకుంటూ సాగుతుంది. కింద ఇంకా ద్రవం. సాగిన పైపొరకు చోటు చాలక ముడుచుకుంటుంది. కోబాల్ట్ ఎక్కువగా ఉన్నా, ఎదురు ఎండలో వేసినా ఇదే జరుగుతుంది. మూలలు, చెక్కడపు పనిలోని లోయలు, కుర్చీ కాళ్ళ అడుగులు దీని స్థావరాలు. ముడతను వెంటనే సర్దబోకూడదు. వారం పదిరోజులు గట్టిపడనిచ్చి, రేకుతో గీకి, 220 నంబరు ఉప్పు కాగితంతో చదును చేసి పలచగా పూయాలి. నిలువు పలకల మీద కారిన చారలకూ ఇదే వైద్యం. పచ్చిగా ఉన్నప్పుడు రుద్దితే లోపలి మెత్తని భాగం చిరిగి గుంట పడుతుంది.

బుడగలకు డబ్బాను కుదిపి కలపడం ఒక కారణం. కర్రతో నెమ్మదిగా తిప్పి కలిపితే చాలు. రెండో కారణం అంతగా కంటికి కనపడదు. పొద్దున్నే చల్లగా ఉన్న కొయ్యకు పూత వేసి ఎండ ఎక్కేచోట ఉంచితే, వేడెక్కుతున్న కొయ్య రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా వస్తుంది. ఉష్ణోగ్రత తగ్గుముఖం పట్టిన సాయంత్రం వేళ వేస్తే ఈ బాధ ఉండదు. మొదటి పూతను పదో వంతు టర్పెంటైన్‌తో పలచన చేయడమూ మేలు.

నలకలు పడని వార్నిష్ లేదు. నేల తడిపి, ఉప్పు కాగితం పట్టినప్పటి దుస్తులు మార్చుకుని, ఫ్యాను ఆపి పూస్తే తగ్గుతాయి, అంతే. రెండు పూతల మధ్య 320 లేదా 400 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దడం, చివరి పూత పూర్తిగా గట్టిపడ్డాక నాలుగు సున్నాల స్టీల్ ఊలుతో మైనం రుద్దడం వడ్రంగి పనిలో ఎప్పటినుంచో ఉన్న మార్గం. నలక కనిపించిందని తడి పొరలో వేలు పెట్టేవారు ఒక చుక్కను అరచేయంత మచ్చగా మారుస్తారు.

పట్టని చోట్లు

పూత వేసిన నిమిషాల్లోనే అక్కడక్కడ గుండ్రంగా విడిపోయి అడుగు కనిపించడాన్ని పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. దోషి దాదాపు ఎప్పుడూ సిలికోన్. ఇంట్లో చెక్క సామాన్లు మెరవడానికి కొట్టే స్ప్రేలు, వాహనాల డాష్‌బోర్డు పాలిష్‌లు, తలుపు బందులకు కొట్టే కొన్ని కందెనలు దీన్ని తెచ్చిపెడతాయి. పూత తడిగా ఉండగానే టర్పెంటైన్‌తో మొత్తం తుడిచేయడం ఉత్తమం. శుభ్రం చేసి, మైనం లేని లక్కతో మూసి మళ్ళీ మొదలుపెట్టాలి. సిలికోన్ మీద ఉప్పు కాగితం ఆడిస్తే అది ఇంకా విస్తరిస్తుంది.

తెల్లదనం, నల్ల మచ్చలు

వేడి గిన్నె, తడి గ్లాసు వదిలే తెల్ల వలయాలు లక్క, లాకర్ పూతల జబ్బు. గట్టిపడ్డ నూనె వార్నిష్ మీద అవి అరుదు. కనిపిస్తే పైన మైనం పొర ఉందేమో, లేదా అది అసలు వార్నిష్ కాదేమో చూడాలి. పొర అంతా మబ్బుగా ఉంటే, మెరుపు తగ్గించడానికి వార్నిష్‌లో వేసే సిలికా పొడి అడుగున పేరుకున్నదాన్ని సరిగ్గా కలపకుండా వేసి ఉంటారు. మెరుపు తక్కువ రకాన్ని నాలుగైదు పూతలు వేసినా కొయ్య చారలు మసకబారతాయి. అడుగు పూతలకు మెరుపు రకం, చివరి దానికి మాత్రం మసక రకం వాడటం సరైన పని.

పొర అడుగున తెల్లటి మేఘాలు, అక్కడక్కడ పొక్కులు కనిపిస్తే కొయ్య తడి మీద ఉందని అర్థం. భారత ప్రమాణం ఐఎస్ 287 గాలి తేమను బట్టి దేశాన్ని మండలాలుగా విడదీసి, ఎక్కడ ఎంత తేమ ఉన్న కలప వాడవచ్చో చెబుతుంది. వానాకాలంలో డిపో నుంచి వచ్చిన చెక్కకు వెంటనే పని మొదలుపెట్టేచోట దీన్ని ఎవరూ చూడరన్నది వేరే సంగతి. వార్నిష్ లోపల చిక్కిన తేమ బయటికి దారి వెతుక్కుంటుంది. పొరను తీసి కొయ్యను ఆరబెట్టడం తప్ప ఉపాయం లేదు.

నల్ల మచ్చలు ఇనుము, టానిన్ కలిసినచోట పుడతాయి. నల్లతుమ్మ, మద్ది వంటి టానిన్ ఎక్కువున్న కలపలో మేకుల చుట్టూ, లేదా పూతకు ముందు రుద్దిన స్టీల్ ఊలు తునకలు మిగిలినచోట తేమ తగిలితే నలుపు కడుతుంది. పొర తీశాక ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణంతో ఈ నలుపు పోతుంది. అది విషం కాబట్టి చేతి తొడుగులు వేసుకోవాలి, తర్వాత నీటితో బాగా కడగాలి, ఆరిన కొయ్యను రుద్దేటప్పుడు ఆ ధూళి పీల్చకూడదు.

వానాకాలంలో గోడకు ఆనించిన బీరువాల వెనుక, సొరుగుల లోపల బూజు పడుతుంది. అవిసె నూనె బూజుకు తిండి. రెసిన్ లేకుండా ఒట్టి నూనె పూసినచోట ఇది ఎక్కువ. గోడకూ బీరువాకూ మధ్య గాలి ఆడే సందు వదలడం ఏ మందుకన్నా బాగా పనిచేస్తుంది.

ఎండ, పెచ్చులు, రంగు మార్పు

పడమటి ముఖంగా ఉన్న వీధి తలుపు వార్నిష్ రెండు మూడు వేసవుల్లో పెచ్చులూడితే డబ్బా నాణ్యతను తిట్టుకుంటారు. పారదర్శకమైన పొరలోంచి అతినీలలోహిత కిరణాలు కొయ్యను చేరి, నారలను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విడగొడతాయి. పొర బాగానే ఉన్నా, అది పట్టుకున్న కొయ్య ఉపరితలమే పొడిబారి ఊడివస్తుంది. ఊడిన పెచ్చు వెనుక సన్నని కొయ్య నార అంటుకుని ఉంటే ఇదే కారణం. నూనె పాలు ఎక్కువగా, అతినీలలోహిత నిరోధకాలు ఉన్న రకాన్ని వేసి, మెరుపు తగ్గడం మొదలవగానే తేలిగ్గా రుద్ది కొత్త పూత వేస్తూ పోవాలి. పెచ్చులూడేదాకా ఆగితే కొయ్యను కొత్త పొర తేలేదాకా చిత్రిక పట్టాల్సి వస్తుంది. ఎండకు పూర్తిగా గురయ్యే తలుపుకు పారదర్శకమైన పూత కన్నా రంగే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంటి లోపల పెచ్చులూడితే కారణం వేరు. కింద మైనమో, మురికో ఉండి ఉంటుంది, లేదా పాత పూత బాగా గట్టిపడ్డాక గరుకు చేయకుండా కొత్తది వేసి ఉంటారు.

అవిసె నూనె ఎక్కువున్న వార్నిష్ కాలక్రమంలో పచ్చబారుతుంది. విచిత్రమేమిటంటే చీకట్లో ఈ మార్పు ఎక్కువ, వెలుతురు తగిలితే కొంత తగ్గుతుంది. గోడకున్న పటం తీస్తే, మూసి ఉన్న తలుపు తెరిస్తే కనిపించే రంగు తేడాలో దీని వాటా ఉంది. లేత రంగు కొయ్యలకు సోయా నూనె ఆధారిత ఆల్కిడ్ మేలు.

వాడుకలో వచ్చేవి

చేత్తో ముట్టుకుంటే ఆరినట్టున్న వార్నిష్ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా భోజనాల బల్ల మీద అద్దం పరిస్తే ఆక్సిజన్ అందక పొర మెత్తగా ఉండిపోయి అద్దానికి అతుక్కుంటుంది. ప్లాస్టిక్ గుడ్డ పరిచినా అంతే. పడక కుర్చీల తలాన్చే చోటా, కుర్చీ చేతుల మీదా ఏళ్ళు గడిచాక వచ్చే నల్లటి జిగటకు తలనూనె, చెమట కారణం. కొవ్వు పదార్థాలు పొరలోకి చొరబడి దాన్ని మెత్తబరుస్తాయి. తొలిదశలో సబ్బునీటి గుడ్డతో, తర్వాత టర్పెంటైన్‌తో తుడిస్తే సరిపోతుంది. గోటికి గీసుకుపోయే స్థితికి వస్తే ఆ భాగం పొర తీసేయడమే.

తొలగించడం, దాని ప్రమాదాలు

పాత వార్నిష్ తీయడానికి చవకైన దారి కాస్టిక్ సోడా. పనైతే త్వరగా అవుతుంది, కానీ టేకు నల్లబడుతుంది, అతుకులు వదులవుతాయి. రంధ్రాల్లో మిగిలిన క్షారం కొత్త వార్నిష్‌లోని నూనెను సబ్బుగా మారుస్తుంది. కాస్టిక్‌తో కడిగిన కిటికీల మీద కొత్త పూత జిగటగా ఉండిపోవడానికి ఇదే మూలం. తప్పక వాడితే పలచని వెనిగర్‌తో క్షారాన్ని చంపి, కడిగి, బాగా ఆరనివ్వాలి. రిమూవర్లలో వాడే డైక్లోరోమీథేన్ ఆవిరి మూసి ఉన్న గదిలో ప్రాణాంతకం; అమెరికాలో దాన్ని కలిపిన రిమూవర్లను సాధారణ వినియోగదారులకు అమ్మడం 2019 నవంబరు నుంచి నిషిద్ధం. చిన్న సామానుకు పదునైన గీకుడు రేకు, ఓపిక చాలు. వంద ఏళ్ళు దాటిన విలువైన సామాను అయితే తీసేయాలన్న ఆలోచనకు ముందు టర్పెంటైన్‌తో శుభ్రం చేసి చూడాలి. చాలాసార్లు నలుపు వార్నిష్‌ది కాదు, దాని మీద పేరుకున్న మైనం, పొగ, చేతి మురికిది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం చెత్తబుట్టలో ఉంటుంది. నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టిన గుడ్డలో పేరుకుని నిప్పు దానంతటదే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని వన్ మెరిడియన్ ప్లాజా భవనంలో 22వ అంతస్తున వదిలేసిన అవిసె నూనె గుడ్డల నుంచి మొదలైన మంటల్లో ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. నూనె తడిసిన రంపపు పొట్టుకూ ఇదే గుణం ఉంది. వార్నిష్ తుడిచిన గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా తీగ మీద పరిచి, గట్టిగా బిరుసెక్కాక పారేయాలి. అంత తీరిక లేకపోతే మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్ళు పోసి ముంచి ఉంచాలి.